వెయ్యీ ఇరవైనాలుగు

జూన్ పద్నాలుగు, రాత్రి పదకొండున్నర.
వేట నిషేధం ఇంకో అరగంటలో తీరిపోతుంది.
ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు
ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని
గొంతులు సవరించుకుంటున్నాయి.
డీజిల్ టోకెన్లిచ్చే మా సర్వర్ మాత్రం
ఒకే ముక్క పట్టుకుని కూర్చుంది:
ఇన్ని ఫైళ్లు తెరవలేను.

కిటికీలోంచి వాసుపల్లి నూకరాజు తల పెట్టాడు.
"ఏటమ్మా, రెండు నెల్లు మేం కూకున్నాం సరే,
నీ డబ్బా ఇప్పుడే కూకోవాలా?"

లాగ్ తిప్పాను. అదే వరస, మళ్లీ అదే వరస.
ఐసు తూము దగ్గర ఎవరో ఎవర్నో తిడుతున్నారు.
ఈ యంత్రం కొత్తలో ఎవరో గీసిన గీత
వెయ్యీ ఇరవైనాలుగు.
అన్ని తలుపులే, ఒక్కసారికి.
ఆ పైన వచ్చినవాడు
ఎంత పెద్ద బోటు ఓనరైనా గుమ్మం బయటే.

పెంచడం ఎంతసేపు, రెండు వరసలు.
మెత్తని హద్దొకటి, గట్టి హద్దొకటి:
గేటు దగ్గర వాచ్‌మన్‌కీ
పోర్టు ప్రహరీకీ ఉన్నంత తేడా.
అరవై అయిదు వేల అయిదొందల ముప్పై అయిదు
అని రాసి, ఊపిరి పీల్చి, అడిగి చూశాను.
వెయ్యీ ఇరవైనాలుగే అంది.

సర్వీసుకి వేరేచోట వేరే చీటీ రాయాలని
అప్పుడు గుర్తొచ్చింది. రాశాను.
అయినా నడుస్తున్నదానికి కొత్త మాట ఎక్కదు.
పుట్టినప్పుడు చెవిలో ఊదిన అంకెనే
పోయేదాకా నమ్ముతుంది ప్రాసెస్.
ఆపి, మళ్లీ పుట్టించాలి.

"అందరూ మొదట్నించీ నిలబడాలి" అన్నాను.
నూట పన్నెండు మంది.
నూకరాజు కండువా దులిపి
మళ్లీ భుజాన వేసుకున్నాడు.
"నిలబడ్డం మాకు కొత్తేటి? కానీ."

పన్నెండు దాటి నాలుగు నిమిషాలకి
ప్రింటర్ కాగితం కక్కడం మొదలెట్టింది.
హారన్లు. కిరోసిన్, ఎండుచేప, బోటు ముక్కుకి
కొట్టిన కొబ్బరికాయ నీళ్లు,
అన్నీ కలిసిన ఒక వాసన.

మూడింటికి జెట్టీ ఖాళీ.
కుక్క ఒకటి ఐసుముక్క నాకుతోంది.
తెరిచి ఉన్నవెన్నో లెక్కపెట్టాను, ఊరికే.
తగ్గాలి కదా. తగ్గలేదు.
డీజిల్ పోయించుకుని వెళ్లిపోయిన ప్రతి బోటుకీ
ఒక తలుపు తెరిచే ఉంది.
తెరవడం రాసింది నేనే.
మూయడం రాయనిదీ నేనే,
పోయిన ఏడు, ఇలాగే ఒక హడావిడి రాత్రి.

పొద్దుటి షిఫ్టు పైడమ్మకి చీటీ పెట్టాను:
రోజుకి తొమ్మిదొందల చొప్పున
పోలాల అమావాస్య దాకా లాగుతుంది.
ఈలోపు సరిచేస్తాను. ఎవరికీ చెప్పకు.

డాల్ఫిన్స్ నోస్ అవతల
నూకరాజు బోటు దీపం చుక్కయి, అదీ పోయింది.
నా తెర మీద అతని వరస వెలుగుతూనే ఉంది.
చేత్తో మూసేద్దామని నంబరు కొట్టాను,
మళ్లీ చెరిపేశాను.
పది రోజుల వేట కదా.
రానీ, చూద్దాం.