ఊదారంగు గీత

నాగోలు దగ్గర శుద్ధయిన నీళ్లకు
మ్యాపు మీద ఊదారంగు ఇచ్చాను.
పార్కులకో కొమ్మ,
మెట్రో స్తంభాల కింది కాగితం పూలకో కొమ్మ,
గోల్ఫు మైదానానికి కాస్త లావుపాటిది.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
ఇక్కడ పంపు చెప్పినట్టే వింటుంది.
మూడు మున్సిపాలిటీలు, రెండు శాఖలు, ఒక్క గొట్టం.
సమోసాలు చల్లారేదాకా వాటాల పంచాయితీ.

జంగమ్మను ఎవరు పిలిచారో తెలీదు.
కొర్రెముల నుంచి వచ్చింది,
కుచ్చిళ్లకు గడ్డి నూగుతో.
మూసీ ఒడ్డున కౌలు పొలం,
బర్రెలకు పచ్చగడ్డి కోసి అమ్ముతుంది.
"మూసీ యాడున్నది సారూ?"
చూపించాను.
"గీ గీత గీసినంక గిందులకెన్ని నీళ్లొస్తయ్?"

లెక్క నా దగ్గరే ఉంది.
ఆ గడి పేరు 'మిగులు'.
అంకె వేయలేదు.

"మా తాత నీరడి.
కరువొచ్చిన ఏడు
కింది ఊరోళ్లను కట్టమీద నిలవెట్టి
గాళ్ల కండ్ల ముంగటనే తూము ఇప్పుతుండె.
గీడ నిలవడేటోళ్లెవరు?"

అనంతాచారి సారు
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

రాత్రి 'మిగులు' కొట్టేసి 'కొర్రెముల' అని రాశాను.
గోల్ఫు గీతను సన్నం చేయబోతే
అడుగున మొత్తమంతా ఎర్రబడింది.
అలాగే వదిలేశాను.

కిటికీ కింద, డివైడర్ దగ్గర
ట్యాంకర్ కుర్రాడు ఫోన్ మాట్లాడుతూ
పైపు పట్టుకున్నాడు.
పూలను దాటి, రోడ్డును దాటి
నీళ్లు తూర్పుకు పోతున్నాయి,
నేను గీయని దారిన.