ఎదురుకాళ్ళు

నేను ఈ లోకంలకు కాళ్ళతోని వచ్చిన.
తలకాయ తర్వాత వచ్చింది,
అది వచ్చేదాంక మంత్రసాని
దేవుళ్ళందరినీ తిడుతనే ఉన్నదట.

ఊర్లె ఎవరికి నడుము పట్టినా
బోర్ల పండుకొని నన్ను పిలిపించేటోళ్ళు.
పట్వారిని తన్నిన. పెద్ద షావుకారిని తన్నిన.
మూడు తన్నులకొక బెల్లంగడ్డ.
అసొంటి బాల్యం ఇంకెవరికి దొరుకుతది?

నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు
కిష్ణ దాటి ఒక అంజనపాయన వచ్చిండు.
ఎదురుకాళ్ళ పిల్లకు భూమి అద్దమైతదన్నడు.
మా నాయిన చేతుల నూటపదార్లు పెట్టిండు.
మా నాయిన అంతకుముందు
నూటపదార్లు ఒక్కతాన చూసినోడు కాదు.

గుట్ట కింద, నడిజాము,
నా బొటనేలి గోరు మీద ఆముదం మసి.
"ఏం కనిపిస్తుంది?"
దీపం కనిపించింది. నా ముక్కు కనిపించింది, వంకరగ.
"ఇంకా లోపలికి చూడు."
పొద్దటిసంది నన్ను ఉపాసముంచిన్రు.
లోపలికి చూస్తే ఏముంటది, కడుపే ఉంటది.
"కుండ" అన్న.
అందరు ఊపిరి బిగవట్టిన్రు.
"మూతున్నదా?"
ఉన్నది. మూత పెట్టకుండ మా అవ్వ ఎట్ల ఉంచుతది?
"మూత మీద?"
మసిగుడ్డ.
"చుట్టలు చుట్టుకొని..." అన్ననో లేదో
"నాగుంబాము!" అన్నడు ఆయననే.
"ఎన్ని కుండలు?"
ఇంట్ల మేం ఏడుగురం.

గంతే. నేను చెప్పింది గంతే.

ఆ రాత్రి తవ్విన్రు, తెల్లారి తవ్విన్రు,
గుండు తగిలి గడ్డపార వంగింది.
పైసలు వాపసియ్యమంటే
మా నాయిన అప్పటికే ఎద్దు బాకీ కట్టిండు.

నలభై ఐదేండ్లైంది.
గుట్ట ఇప్పుడు అమ్మవారు పోసిన మొహం లెక్కుంటది.
మేకలు పడి కాళ్ళు విరగ్గొట్టుకుంటయి.
ఏడు కుండలు ఇరవై ఒకటైనయి.
రొహిల్లాలకు భయపడి దొర దాచిండన్నరు,
కాదు, రొహిల్లాలే దాచిన్రన్నరు.
బండ మీది చేపబొమ్మ తొవ్వ గుర్తన్నరు.
ఆ చేపను గీకింది మా చిన్నన్న,
గొర్లు కాసుకుంట, ఎన్నడూ చేప తిననోడు.

సైన్స్ సారు శంకరలింగం ఒక్కడే అడిగిండు:
"ఎనక శత్రువు తరుముతుంటే
ఏడు కుండలు గుట్టెక్కించేటోడు రాజెట్లైతడు?
హమాలీ అయితడు గానీ."
అందరు నవ్విన్రు. ఆయన గూడ నవ్విండు.
ఆయన రిటైరైన ఏడు
పెరట్ల నడుములోతు గుంత చూసిన.
"ఇంకుడుగుంత" అన్నడు,
నేను అడగకముందే.

నిజంగ దొరికింది ఒక్కటే, ఒక చిల్లిపైస.
దాన్ని గూడ కల్వకుర్తికి కొంచవొయి
గీటురాయి మీద గీకి చూపించుకొని వచ్చిన్రు.

మొన్న ఒక పిలగాడు బండి మీద వచ్చిండు.
ఎనక గోనెసంచిల ఏదో మిషిను.
"పెద్దమ్మా, జరన్ని నీళ్ళు" అన్నడు,
తాగినంక కథ చెప్పిండు, నాకే:
"అప్పట్ల ఎదురుకాళ్ళ పిల్ల ఒకతి కండ్లార చూసిందంట.
మూడోనాడు నెత్తురు కక్కి సచ్చిందంట."
"పాపం" అన్న, చెంబు బోర్లించుకుంట.
"పేరేందంట?"
పేరు ఎవరికీ తెల్వదంట.

చెప్పుదామనే అనుకున్న.
బిడ్డా, అండ్ల ఉన్నది జొన్నగట్క,
అది గూడ అడుగంటింది, అని.
నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది:
"ఏ దిక్కున్నదంట?"

పిలగాడు ఫోన్ల ఏదో చూసి
పడమరకు చెయ్యి చూపిండు.
నేను ఆ దిక్కు చూసిన.
పుట్టినసంది చూస్తున్న దిక్కే అది.

ఆ రాత్రి కరెంటు పోయింది.
ఆకలైతుంది.
పొయ్యి పక్కన కుండ, కుండకు మూత,
మూత మీద మసిగుడ్డ
చుట్టలు చుట్టుకొని ఉన్నది.
చెయ్యి సాపి, ఆగిన.
ముందుగాల కాలుతోని
నేలను రెండుసార్లు కొట్టిన.