అరాకిస్

గ్రిమ్స్‌బీలో వాన. కొట్టు మూసే వేళకి
మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది హిల్డా.
రోవన్ చెవిలో గుబిలి. చుక్కలు కావాలట.

"పల్లీ పడదు వీడికి. బిస్కట్టు కూడా చదివే కొంటాను.
మందులో ఏముంటుందిలే."

సీసా తిప్పాను. చీమ తలకాయలంత అక్షరాలు.
పనిచేసే మందు పైన, పెద్దగా.
అడుగున, ఏ పనీ చేయని వాళ్ళ వరసలో
అరాకిస్ నూనె.

ఎవరో దొరసాని పేరనుకుంటారు.
కదిరి పక్క మా చేలో
చెట్టు పీకి దులిపితే
మట్టితో పాటు గలగలమనేది ఇదే.
నిక్కరు జేబులు చిరిగేదాకా నింపుకుని బడికి పోయేవాణ్ణి.

లాటిన్ కోటు తొడుక్కుంటే మాత్రం
నిన్ను గుర్తుపట్టనా, శెనిక్కాయా!

సీసా మళ్ళీ అరలోకి.
ఆలివ్ నూనె చుట్టి ఇచ్చాను.

తలుపు దగ్గర ఆగి హిల్డా
ఆ పేరుని నెమ్మదిగా నోట్లో తిప్పుకుంటోంది,
ఒక్కోసారి ఒక్కోలా.