ఐసు వద్దు

ఎంఫాంగానో రేవులో పొద్దున్నే
నలభై గొట్టాల నెత్తురు పెట్టెకెత్తాను.
పడవ నడిపే ఒకేయో
చేపల బుట్టలోంచి దోసెడు ఐసు తెచ్చాడు.
వద్దన్నాను.
"ఇవి చచ్చిన చేపలు కావు,
లోపల కావలివాళ్లు మెలకువగా ఉన్నారు.
చలికి ముడుచుకుపోతారు.
మాపటికి ల్యాబుకు చేరకపోతే
ఏ జ్వరంతో ఎలా కలబడ్డారో
చెప్పకుండానే పోతారు."

అతను చేతులు దులుపుకున్నాడు.
పదిహేడో గొట్టం అతనిదే.
చిన్నప్పుడు ముగ్గురు అన్నదమ్ములూ మలేరియాకి పోతే
తనొక్కడే ఎందుకు మిగిలాడో
ఇంతవరకూ ఎవరూ చెప్పలేదట.

విక్టోరియా సరస్సు నడిమధ్య గాలి లేచింది.
ఇంజను జోరు తగ్గించి
పెట్టె మీద ఎండ పడకుండా
తన చొక్కా విప్పి కప్పాడు.

"బాగా కుదుపుతున్నానా?" అడిగాడు,
నన్ను కాదు.