పావు వంతు కోత

అంబత్తూరు ఎస్టేటు, మూడో అంతస్తు.
ఏసీ నీళ్లు బకెట్లో టప్పుటప్పుమంటుంటే
నేను పంపుసెట్టును కోస్తుంటాను.
రంపం లేదు, రజను రాలదు.
మౌసుతో ఒక్క గీత -
ఇనప పొట్టలో పావు వంతు పక్కకి తప్పుకుంటుంది.
పనసకాయ కోసే మా చిన్నత్త చేతులకి
ఎంత నూనె రాసినా జిగురు మిగిలేది.
నాకేదీ అంటదు.

కోసిన అంచుకి ఎరుపు వెయ్యాలని మా ఆఫీసు నియమం,
ఇనుముకీ నెత్తురున్నట్టు.
ఇంపెల్లరుకి ఇత్తడి పసుపు, షాఫ్టుకి వెండి మెరుపు,
నీళ్లు నడిచే దారికి నీలం బాణాలు -
మద్రాసులో ఏ కొళాయి కిందా
నేనింతవరకు చూడని నీలం.

పోయిన మంగళవారం
సర్వీసు షెడ్డు పొన్నురంగం మెట్లెక్కి వచ్చాడు.
గుడ్డ మూట నా మౌసు ప్యాడు మీదే విప్పాడు.
వేళచ్చేరి బోరులోంచి లాగిన పంపు కడుపులోదట:
గుప్పెడు ఇసుక, తుప్పు పెచ్చులు,
ఒక నత్తగుల్ల,
ఎక్కడి చెట్టుదో వేలెడు వేరు.
సగం తమిళం కలిసిన తెలుగులో అడిగాడు:
"నీ బొమ్మలో ఇదెక్కడమ్మా?"

నవ్వాను. నవ్వి ఊరుకోలేకపోయాను.

ఆ రాత్రి సీలుకీ బేరింగుకీ మధ్య
ఒక్క ఇసుక రేణువు పెట్టాను.
దానికో నీడ కూడా ఇచ్చాను.
ఆ నీడ వల్లే బొమ్మ
పదిహేడు నిమిషాలు ఆలస్యంగా తేలింది.

పొద్దున్నే జవాబు:
"పేజీ నలభై ఒకటి. చుక్క కనిపిస్తోంది. తీసెయ్యండి."
తీసేశాను.
జీతం వచ్చేదీ ఆ పేజీలోంచే.

పొన్నురంగం ఏ పంపునీ ముందు విప్పడు.
స్క్రూడ్రైవరు మొన మోటారు మీద ఆనించి
పిడి చెవికి ఆనించి
కళ్లు మూసుకుంటాడు.
ఎక్కడ అరిగిందో చెప్పి, ఆ తర్వాతే బోల్టు తిప్పుతాడు.

నిన్న తెల్లారి ఐదింటికి
మా అపార్టుమెంటు మోటారు దగ్గర కూర్చున్నాను,
వంటింటి డ్రాయరులోని స్క్రూడ్రైవరుతో.
మొదట ఎముకలోకి వణుకొక్కటే వచ్చింది.
తర్వాత, గర్జనకి చాలా కింద,
బియ్యంలో రాయి పంటికి తగిలినట్టు
ఏదో.

వాచ్‌మన్ చెంగల్రాయన్ టార్చి వేశాడు, ఏం చేస్తున్నావని.
చూస్తున్నా, అన్నాను
కళ్లు తెరవకుండానే.
ట్యాంకు పొర్లుతోందమ్మా, ఆపెయ్, అన్నాడు.