ఇంటిపేరు ముందు

వడగండ్లు పడిన మూడో రోజు
నిచ్చెన కారు నెత్తిన కట్టుకొని
జార్జియాల టాలపూసా అనే ఊరికి పోయిన.
పైకప్పుల మీద దెబ్బలు లెక్కపెట్టుడు,
దెబ్బదెబ్బకు చాక్‌పీసుతో సున్న చుట్టుడు,
ఫొటో తీసి ఇన్సూరెన్సు కంపెనీకి పంపుడు,
ఇదీ నా కొలువు.

వెర్నా ఎంట్రెకిన్ ఇల్లు రైలుపట్టాల అవతల.
ఎనభై రెండేండ్ల మనిషి, చంకల కోడిగుడ్ల బుట్ట.
"పైన చూసినవ్ గద, కింద గూడ చూసి పో" అన్నది.

కింద రాతి నేలమాళిగ.
సున్నం లేకుండ పేర్చిన బండలు,
మోకాళ్లకు తగిలే చల్లదనం.
ఒక పాత కుట్టుమిషను, క్రిస్మస్ చెట్టు డబ్బా,
వాటి నడుమ నేలంతా
పీపాలు కూసున్న గుండ్రటి మరకలు,
అచ్చం నేను పైన చుట్టిన సున్నాలే.

"ఈ గుట్ట పేరేంది?"
"బుడాపెస్ట్" అన్నది,
ఉప్పు అందియ్యమన్నంత మామూలుగ.
"వాగు పక్కన టోకాయ్ ఉండె. ఇప్పుడు లేదు.
ఇదీ లేదనుకో."

పద్దెనిమిది వందల ఎనభైల ముచ్చట.
భూములమ్మేటోళ్లు హంగరీ వాళ్లను
పెన్సిల్వేనియా బొగ్గుబాయిల కాడికి పోయి పిలిచిండ్రట:
ఎర్రనేల ఉన్నది, ఎండ ఉన్నది, రైలున్నది,
మీకు తీగ తెలుసు, రాండ్రి.
గోర్ల సందుల నలుపు పోకముందే వచ్చిండ్రు.
తీగ కన్ను పగిలే పొద్దు కోసం
మాఘమంత కత్తెర పట్టుకొని కాచిండ్రు.
పీపాలు రైలెక్కినయి.
పిల్లలు రెండు భాషల్ల తిట్టుకున్నరు.

మా కిస్మత్‌పూర్ దిక్కు అనాబెషాహి తోటలు
ఇంతకన్న నిమ్మళంగ పోయినయి,
ప్లాట్ల రాళ్లు పాతుకుంట పాతుకుంట,
పందిరి తీగలు తూకానికి అమ్ముకుంట.
ఇక్కడ ఒక్క సంతకం.
పంతొమ్మిది వందల ఏడు, ఆగస్టు, కాయ రంగు తిరిగే నెల:
రాష్ట్రమంత మందు బంద్.

అందని ద్రాక్ష పుల్లన అంటం మనం.
వీళ్లకు అందింది, తియ్యగనే ఉండె,
పిండితే నేరమైంది.
మళ్ల బొగ్గుబాయికే పోయిండ్రు,
ఈసారి ఎవరూ వచ్చి పిలువకుండనే.

"ఆ డిసెంబర్ల వాగు మూడొద్దులు ఎర్రగ పారిందని
మా నాయనమ్మ చెప్పేది" అన్నది వెర్నా,
గుడ్డు మీది మరక గోరుతో గీకుకుంట.
"నేనైతే నమ్మ.
వానొస్తే ఈ దేశంల ఏ వాగు ఎర్రగ పారదు?"

పొద్దుగూకే యాళ్లకు
డెబ్బై ఎనిమిదో నంబరు రోడ్డు పక్కన కారాపిన.
తోటలున్న వాలు మీద ఇప్పుడు కుడ్జు తీగ.
పైన్ చెట్లను, కరెంటు స్తంభాన్ని,
కూలిన ఒక గ్యారేజీని మింగి కూసున్నది.
ఆకులకు వడగండ్ల చిల్లులు.
దీనికి గుత్తి లేదు, దీని మీద చట్టమూ లేదు.

సమాధులు రోడ్డుకు దగ్గరే.
లారీ పోయినప్పుడల్ల గడ్డి ఒకదిక్కు వంగుతది.
కొన్ని రాళ్లు మూరెడు గూడ లేవు, పిల్లలయి.
ఒక రాయి కాడ మోకాళ్ల మీద కూసొని
అరిగిన అక్షరాల మీద చాక్‌పీసు అడ్డంగ రుద్దిన.
తెల్లగ తేలింది:
బుయ్‌దోషో పిరోష్కా.

బుయ్‌దోషో ఇంటిపేరు.
ముందు ఇల్లు, ఎనుక మనిషి.
మా లెక్కనే!
ఆఫీసుల నా బ్యాడ్జి చేసినాయన చదివిన వరుసల చదివి
పదకొండేండ్ల సంది నన్ను "చిలుములా" అని పిలుస్తడు,
మా తాతలందరిని ఒక్కపారి పిలిచినట్టు.
వినోద అని నన్ను నేను
ఎన్నిసార్లు సరిచేసుకోవాలె, వదిలేసిన.
పిరోష్కా పేరును మాత్రం
రాయి చెక్కినోడు తిరగెయ్యలే.
ఆ వరుస చూసుకుంట చానాసేపు కూసున్న,
దోమలు కుడుతున్నా.

సోమవారం కంపెనీ నుంచి మెయిలు:
"నలభై ఏడో ఫొటో ఏ పైకప్పుది? నష్టమెంత?"
గడిలో బుడాపెస్ట్ అని రాసిన.
కొట్టేసిన.
మళ్ల రాసిన.