చుట్టుకొలత

జహ్రాలో, మందుల షాపు పక్క సందులో
ఆడవాళ్ల బట్టలు కుట్టే కొట్టు మాది.
మాది అంటే మాది కాదు, మిషను కూడా కఫీలుదే.
మెడలో వేలాడే టేపు మాత్రం నాది,
రాజంపేటలో కొన్నది,
పదకొండేళ్లుగా నా చెమట తాగి మెత్తబడింది.

రంజాను నాలుగో రోజు
తల్లి చెయ్యి పట్టుకొని వచ్చింది దానా.
దానా అంటే వాళ్ల మాటలో పెద్ద ముత్యమంట.
మా వైపు దాణా అంటే బర్రెకు పెట్టేది.
నవ్వొచ్చింది గానీ మింగేశా.
తొమ్మిదేళ్లుంటాయి. సంచిలోంచి తీసి
కత్తెర బల్ల మీద పెట్టింది బొమ్మని.

అది నిలబడలేదు.
మడమలు నేలకానని పాదాలు దానివి,
పుట్టకముందే ఎత్తు చెప్పులకు మొక్కుకున్నట్టు.
దారపుండల డబ్బాకు ఆనించి పెట్టాం.

గిర్గాన్ రాత్రికి గౌను కావాలంట.
పిల్లలు ఇల్లిల్లూ తిరిగి బాదంపప్పూ పిస్తాలూ
సంచుల్లో పోయించుకునే రాత్రికి
బొమ్మకెట్టా ఉందో అట్టాగే, అంతే బిగువుగా.

ముందు దాన్ని కొలవమంది.
కొలిచా. నడుము తొమ్మిది సెంటీమీటర్లు.
"నాకూ తొమ్మిదే" అంది వేళ్లు చూపిస్తా,
ఏళ్లూ కొలతలూ ఒకటే అన్నట్టు.
తరవాత తన వంతు.
టేపు చల్లగా తగిలిందో లేదో
పొట్ట లోపలికి పోయింది.

పెళ్లికూతుళ్లు బిగబట్టడం చూశా,
పురిటి ఒళ్లు తగ్గని తల్లులు బిగబట్టడం చూశా.
పాలపళ్లింకా రెండు ఊడాల్సిన పిల్ల,
ఇంత ఒడుపు ఎక్కడ పట్టింది!
ఊపిరి వదులమ్మా, అన్నా తెలుగులో.
ఆ మాట అరబ్బీలో నాకు రాదు.

"చమ్?" అంది. ఎంత, అని.
అరవై రెండు.
ఆ ముఖం చూడలేక టేపు తిరగేశా.
అటుపక్క అంగుళాలు. ఇరవై నాలుగూ చిల్లర.
వెలిగిపోయింది పిల్ల.
వాళ్లమ్మ కూడా నవ్వింది, ఫోను చూస్తానే.
మణికట్టు ఒక్క తిప్పుతో సగానికి పైగా తగ్గించా,
ఏ డాక్టరు చేయగలడు?
కాసేపు గర్వపడ్డా కూడా.

తలకు కప్పే జరీ ముసుగు కోసం తల కొలిచా.
యాభై రెండు.
వాళ్లు పోయాక సుద్దముక్కతో బల్ల మీద లెక్కేశా:
ఈ బొమ్మ పెరిగి దానా అంత అయితే
నడుము నలభై.
పిల్ల తలకన్నా సన్నం.
మింగిన ముద్ద యాడికి పోతుంది దీనికి?
పేగులు మడిచి ఏ అరలో పెట్టుకుంటుంది?

రాత్రి షట్టరు దించి
అద్దం ముందు ఒక్కదాన్నే నిలబడ్డా.
నలభై మూడేళ్ల నడుము, ఇద్దరిని మోసింది.
టేపు చుట్టా.
చూసేవాళ్లు లేరు, అద్దాల్లోని బొమ్మలకు తలలే లేవు.
అయినా బిగబట్టా, కుళ్లాయమ్మను నేను,
కొలతలే కూడుగా బతికేదాన్ని.

గౌను బిగువుగానే కుట్టా.
లోపలి కుట్టులో మాత్రం
రెండు వేళ్ల వెడల్పు గుడ్డ దాచా,
తల్లికి చెప్పలా, పిల్లకు చెప్పలా.

బక్రీదుకు ముందు మళ్లీ వచ్చారు.
గౌను పట్టట్లేదంట.
బొమ్మ రాలేదు. ఏదని నేనూ అడగలేదు.
దానా చేతులెత్తి నిలబడింది,
నేను దగ్గరకు పోకముందే పొట్ట లోపలికి పోయింది.

టేపు తీసి గుడ్డల కింద పెట్టా.
ఉండలోంచి దారం తెంపి
మెల్లగా చుట్టా, ముడి వేశా.
దారం మీద అంకెలుండవు.
ముడిని చాలాసేపు చూసింది.
"చమ్?"
"ఇంత" అన్నా, దారాన్ని తన అరచేతిలో పెట్టి.

నమ్మలేదనుకుంటా.
బయట కారులోంచి వాళ్లమ్మ హారను కొడతా ఉంటే
ఆ దారాన్ని వేలికి చుట్టుకుంటా, విప్పుకుంటా
మెట్లు దిగిపోయింది.
కుట్టు విప్పడానికి నాకు మళ్లీ కొలత కావాలి.
అడగలేదు.